మోసుకుపోయేవాళ్ళు

తిరుపతి,
ఫిబ్రవరి 9

తమ్ముడు మునికుమార్‌కు పెద్దక్క మునిరత్నమ్మ ఆశీస్సులు. దీపం పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

నీ చేతికి వ్యాయామం చేయించే డాక్టరమ్మ నిన్ను దినానికి ఒక పేజీ ఎడమచేత్తో రాయమన్నదని విన్నాను. ఆ పేజీ నాకు రాయి. ఫోన్లో అయితే "బాగుండానక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీద అంత తొందరగా తప్పించుకోవడం కుదరదు.

ఒక్క మాట అడుగుతాను. మోహన పోయి ఐదు నెలలయింది. మీరిద్దరూ ఫ్యాక్టరీలో ఒకే మిషను దగ్గర పనిచేసినారు. బెల్టులో అతని చెయ్యి పడితే, నీ మూడు వేళ్ళు పోయేదాకా అతన్ని పట్టుకున్నవాడివి నువ్వు. పాకాలలో అతని భార్య రేవతి ఉంది. ఇంతవరకూ నువ్వు ఆ ఇంటి గడప తొక్కలేదు. చెయ్యి చూపించడానికి సిగ్గయితే, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఒకసారి పోయి రా.

గదిలో మంచినీళ్ళు కాచి తాగు.

పెద్దక్క

*

సత్యవేడు,
ఫిబ్రవరి 17

అక్కకి దణ్ణాలు. ఎడమచేత్తోనే పెడతా ఉండా, ఏమనుకోవద్దు.

ఈ రాత సూసి నవ్వద్దు. కోడి కెలికినట్టుండాది. పైన రెండు వరసలకే పావుగంట పట్టింది. డాక్టరమ్మకి చూపిస్తే "బ్రహ్మాండం" అన్నాది. ఆమె అందరికీ అదే అంటాది.

ఏం రాసేదక్కా. పొద్దన లేస్తా, ఆస్పత్రికి పోయి చేతికి వేడి మైనం పట్టించుకోనొస్తా. మధ్యాన్నం ఆట ఆడతా. టీవీకి తగిలించుకోని ఆడేది. ఎడమ బొటనవేలికి మంచిదని డాక్టరమ్మే ఒప్పుకునింది. అందుకని ఆట గురించే రాస్తా, పేజీ నిండాల గదా.

నక్షత్రాల్లో యాడో ఒక లోకం. ఆడ పొద్దు పొడవదు. రెండు చందమామలు ఉంటాయి, ఒకటి పగిలిపోయి ఆ ముక్కలు అట్లే ఆకాశంలో ఏలాడతా ఉంటాయి. మేం ఎవురింట్లో వాళ్ళుండి నెట్లోనే జట్టు కట్టి దిగుతాం. ఒంటికి ఇనప చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో తుపాకి. నాగర్‌కోయిలమ్మి ఒకతె, వైజాగ్ పిల్లోడు ఒకడు, నేను. జట్టుకి నలుగురు ఉండాల. నాలుగోది మోహన చోటు. దాంట్లోకి ఎవుర్నీ రానీలేదు, ముగ్గురమే ఆడతాం.

శత్రువులు చానా రకాలు. మొదట వచ్చేవి మోకాలెత్తు ఇనప చీమలు. ఒక్కోటి ఒక్క దెబ్బకే సస్తుంది, అయితే వేలకు వేలు వస్తే నేల కనపడదు. వాటి కాళ్ళ సప్పుడు రేకుల మీద వాన పడినట్టుంటాది. తర్వాత డాలు పట్టుకున్నోళ్ళు. మనిషికి రెండింతల ఎత్తు. ముందునుంచి ఎంత కాల్చినా తగలదు. ఒకడు ఎదురుగా నిలబడి వాణ్ణి తన దిక్కే సూసేటట్టు చేసుకోవాల, ఇంకొకడు ఎనకనుంచి పోయి కొట్టాల. ఎదురుగా నిలబడేది ఎప్పుడూ మోహననే. "నువ్వు ఎనక్కి పోరా, నేను ఈడ వీడితో మాట్లాడతా ఉంటా" అనేవాడు. ఇప్పుడు ఆ పని నేను చేస్తుండా. నిన్న మూడుసార్లు సచ్చిపోయినా.

పేజీ నిండింది. రేవతి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

నీ తమ్ముడు
కుమార్

*

తిరుపతి,
ఫిబ్రవరి 25

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. "నిన్న మూడుసార్లు సచ్చిపోయినా" అనే దగ్గర ఉత్తరం పక్కన పెట్టేసినాను. మిగతాది చదవకుండానే తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయి మూడు టెంకాయలు కొట్టించినాను. పూజారి "ఎవరి పేరునమ్మా" అన్నాడు. నీ పేరు చెప్పినాను. "ఏమైంది అబ్బాయికి?" అన్నాడు. "మూడుసార్లు పోయి మళ్ళీ వచ్చినాడంట స్వామీ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా తీర్థం రెండుసార్లు పోసినాడు.

ఇంటికి వచ్చినాక మేడమీద కాపురముండే స్రవంతికి చూపించినాను. ఇంజనీరింగ్ చదివే పిల్ల. కడుపు పట్టుకుని నవ్వింది. "పెద్దమ్మా, ఆటలో చచ్చిపోతే ఐదు లెక్కపెట్టేలోపల మళ్ళీ లేస్తారు" అన్నది. ఆ పిల్ల దగ్గర కూడా అదే ఆట ఉందంట. సరే. టెంకాయలు ఊరికే పోవు, అమ్మ దగ్గర ఉంటాయి.

నాకు ఒక సంగతి తెలియలేదు. ఆ చీమలు, ఆ డాలు పట్టుకున్నవాళ్ళు, వాళ్ళంతా ఎవరి మనుషులు? మీకూ వాళ్ళకూ ఏమి పగ? మీరు వాళ్ళ జోలికి పోయినారా, వాళ్ళు మీ జోలికి వచ్చినారా?

రేవతి దగ్గరికి ఎప్పుడు పోతున్నావు?

పెద్దక్క

*

సత్యవేడు,
మార్చి 6

అక్కకి,

టెంకాయల సంగతి మావాళ్ళకి చెప్పినా. నాగర్‌కోయిలమ్మి తనకి కూడా రెండు కొట్టించమనింది. ఆమె నాకంటే ఎక్కువసార్లు సస్తుంది.

వాళ్ళెవురని అడిగినావు. ఆ లోకం వాళ్ళదేనక్కా. మనం పోయి తవ్వినాం, వాళ్ళు అడ్డమొచ్చినారు. కథ అంతే. ఇన్నాళ్ళు ఆడినా గానీ ఆ మాట నేనెప్పుడూ అనుకోలేదు, నువ్వు అడిగినాకే తట్టింది.

ఇంకా కొన్ని రకాలు ఉండాయి. కనపడనివి ఒకటి. మే నెల్లో రేణిగుంట రోడ్డు మీద ఎండకి గాలి వణుకుతాదే, అట్ల ఒకచోట గాలి వణికితే అది ఆడ ఉన్నట్టు. దీపంలాగా తేలుకుంటా వచ్చేది ఇంకొకటి. అది పడిపోయినవాటి మీదకి వంగితే అవి మళ్ళా లేస్తాయి. దాన్ని ముందు కొట్టకపోతే ఎంత కొట్లాడినా తెమలదు.

అన్నిటికన్నా పెద్దది సముద్రంలోంచి లేస్తుంది. దానికి పేరు ఉండాది గానీ మేం పెద్దది అనే అంటాం. ఎట్ల చెప్పాల నీకు. శ్రీహరికోటలో రాకెట్టు వదిలేటప్పుడు ఈడ మేమంతా మిద్దెక్కి సూస్తాం. ముందు ఉట్టి వెలుతురు. సప్పుడే ఉండదు. అయిపోయింది లే అనుకునేలోపల అప్పుడొస్తుంది సప్పుడు, కిటికీలు అదురుతాయి, ఎదలోపల అదురుతుంది. అచ్చం అట్లనే. నీళ్ళ కింద వెలుగొస్తుంది, తల లేస్తుంది, దాని భుజాలమీంచి నీళ్ళు తలకోన జలపాతం మాదిరి పడతానే ఉంటాయి, అది మాత్రం ఇంకా లేస్తానే ఉంటుంది. పగిలిపోయిన చందమామ దాని ఎనకాల దాక్కుంటుంది. మొదటిసారి సూసినప్పుడు నేనూ మోహనా కాల్చేది మర్చిపోయినాం. "ఏం పుట్టిందిరా ఇది" అన్నాడు మోహన. భయపడి కాదు, మురిసిపోయి. నాగర్‌కోయిలమ్మి అరస్తానే ఉండింది. సూస్తా సూస్తానే సచ్చిపోయినాం ఇద్దరం. ఇంతవరకూ ఎవురూ దాన్ని గెలవలేదు.

ఒక రకం మర్చిపోయినా. కూలోళ్ళు. పేరు మేం పెట్టుకున్నదే. నడుం వంగిపోయి ఉంటాయి, చేతిలో ఏమీ ఉండదు, మనల్ని ఏమీ అనవు. కొట్లాట అయిపోయినాక వచ్చి పడిపోయినవాటిని ఎత్తుకోని పోతాయి. నిదానంగా పోతాయి గదా, కొత్తగా ఆడేవాళ్ళంతా గురి వాటి మీదనే నేర్చుకుంటారు. నేనూ అట్లే నేర్చుకున్నా.

పాకాలకి పోతాలే అక్కా. చెయ్యి ఇంకొంచెం బాగుపడనీ.

కుమార్

*

తిరుపతి,
మార్చి 15

తమ్ముడికి,

స్రవంతి దగ్గర కూర్చుని ఆ ఆట చూసినాను. చెప్పులు బయట విడిచి పోయినాను, ఎందుకో నాకే తెలియదు.

నా చేతికి కూడా ఇచ్చింది. చీమలు వచ్చేసరికి నేను ఆకాశం వైపు కాలుస్తూ ఉన్నానంట. ఐదు లెక్కపెట్టినారు, లేచినాను. మళ్ళీ పోయినాను. చాలమ్మా అని ఇచ్చేసినాను.

తర్వాత ఆ పెద్దది లేచింది. నువ్వు రాసిన దాంట్లో ఎక్కువ చెప్పింది ఏమీ లేదు. నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. స్రవంతి "పెద్దమ్మా, అది శత్రువు" అన్నది. శత్రువు అయితే కావచ్చు. అంతటిదాన్ని చూసి దణ్ణం పెట్టకుండా ఎట్లా ఉంటారు? ఆ నీళ్ళు దాని మీదనుంచి పడుతూ ఉంటే చాలాసేపు అట్లా చూస్తూ కూర్చున్నాను. ఈ వయసులో నాకు ఇంకా చూడనివి ఉన్నాయని తెలిసింది.

నువ్వు కూలోళ్ళు అన్నవాటిని కూడా చూసినాను. ఒకటి వచ్చి చచ్చిపోయిన చీమను రెండు చేతులా ఎత్తుకుంది, పసిబిడ్డను ఎత్తినట్టు. స్రవంతి టక్కున కాల్చేసింది. "ఎక్కడికి తీసుకుపోతోందమ్మా అది?" అన్నాను. "తెలీదు పెద్దమ్మా, ఎవరూ చూడరు" అన్నది.

నువ్వు జాతరలో వేషం కట్టినవాడివి, నీకు నేను చెప్పాలా. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకొక వేషంలో తిరిగింది. బైరాగిగా, బండగా, తోటిగా. దొరవేషంలో వాడు చిక్కినాడు, తల నరికింది. అక్కడితో అయిపోలేదు గదా. మర్నాడు మాతంగి వేషంలో వాడి భార్య దగ్గరికి పోయి ఓదార్చింది. తను చంపినవాడి ఇంటికి తనే పోయింది. మీ ఆటలో ఆ రోజు ఎప్పుడు వస్తుంది? చంపినాక వాళ్ళ ఇంటికి ఎవరూ పోరా?

ఒక సంగతి. నువ్వు పోయేటట్టు లేవని, మొన్న నేనే రైలెక్కి పాకాలకు పోయి వచ్చినాను. రేవతి, ఆమె అత్త కుప్పమ్మ ఉన్నారు. వేళ్ళు తెగిపోయినా మావాడు మోహనను వదల్లేదు అని చెప్పినాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, నువ్వున్న దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టింది. నిన్ను ఒక మాట అడగాలంట. నాకు చెప్పమంటే, కాదు, అన్ననే అడగాలి అన్నది.

పెద్దక్క

*

సత్యవేడు,
మార్చి 22

అక్కా,

నిన్ను ఎవురు పొమ్మన్నారు. నేను అడిగినానా. నా తరపున మాట్లాడేదానికి నిన్ను ఎవురు పెట్టినారు.

వదల్లేదు, వదల్లేదు అని ఊరంతా చెప్పుకోని తిరగతావు. నువ్వు చూసినావా.

ఇంక నాకు రాయద్దు. డాక్టరమ్మ పేజీ నేను వేరే ఏదైనా రాసుకుంటా.

*

తిరుపతి,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటి రాసి ఊరుకుంటాను.

నేను చేసిన తప్పు నాకు తెలియలేదు. వారం రోజులు ఆలోచించినాను. నీ చేతిని తలచుకుని వాళ్ళు జాలిపడినారని నీకు కష్టమైందేమో. వాళ్ళు జాలిపడలేదు నాయనా, గౌరవించినారు. నీ చేతిని వాళ్ళు దేవుడి చెయ్యిగా చూస్తున్నారు.

తప్పు ఇంకొకటి అయితే చెప్పు. దిద్దుకుంటాను.

పెద్దక్క

*

సత్యవేడు,
ఏప్రిల్ 16

అక్కకి,

ఆ కోపం ఉత్తరం చించెయ్యి. నీ ఉత్తరం కూడా చదివి చించేద్దామనుకున్నా. చించలేకపోయినా. ఒక చేత్తో కాగితం చించేది కష్టం, నీకు తెలీదు.

"ఎక్కడికి తీసుకుపోతోంది" అని నువ్వు అడిగిన మాట నన్ను వదల్లేదు. ఆదివారం మధ్యాన్నం ఒక కొట్లాట అయిపోయింది. కూలోడు వచ్చినాడు. డాలువాణ్ణి భుజానికెత్తుకున్నాడు. వైజాగ్ పిల్లోడు గురిపెట్టినాడు.

"ఆగబ్బా" అన్నా.

"ఏంటన్నా?"

"అది యాడికి పోతాదో మా అక్క అడిగింది."

"మీ అక్క ఏ లెవెల్లో ఉందన్నా?"

"రెండుసార్లు సచ్చి మానుకునింది."

నవ్వినాడు గానీ తుపాకి దించినాడు. కూలోడి ఎనకాల పడినాం. చేతిలో తుపాకి ఉన్నంతసేపూ అది కదల్లేదు. నిలబడిపోయి ఉంటుంది. నాగర్‌కోయిలమ్మి ముందు కనిపెట్టింది. ముగ్గురం తుపాకులు వీపుకి తగిలించుకున్నాం. అప్పుడు నడిచింది. దాని నడకే మేమూ నడవాల, ఒకడుగు ముందుకేస్తే ఆగిపోతుంది. ముక్కాలు గంట నడిచినాం. దారిలో చీమలొచ్చినాయి అక్కా. వేలకు వేలు. ఆ వాన సప్పుడు. మా కాళ్ళ మధ్యలోంచి పోయినాయి, ఒక్కటి కూడా కరవలేదు. డాలోళ్ళు ఇద్దరు ఎదురొచ్చి డాళ్ళు నేలకి దించి దారిచ్చినారు. రెండేళ్ళుగా ఆడుతుండా, వాళ్ళ మొగాలు నేను సూసింది అదే మొదలు. డాలు ఎప్పుడూ అడ్డం ఉంటుంది గదా. వాళ్ళకీ కండ్లుండాయి.

కొండలో ఒక సందు. లోపలికి పోతే పైకప్పు కనపడదు. నేలలోంచి సన్నగా వెలుతురు, వెన్నెల మాదిరి. వరసలు. కంటికానినంత దూరం వరసలు. చీమలు కాళ్ళు ముడుచుకోని, డాలోళ్ళు డాలు ఎదమీద పెట్టుకోని. కనపడనివి ఆడ కనపడతా ఉండినాయి. గాజు మాదిరి, లోపల ఎముకలు కూడా గాజే. ఎంత అందంగా ఉండాయో. ఇన్నాళ్ళూ గాలిని కాలుస్తున్నామనుకున్నా.

నాగర్‌కోయిలమ్మి "అన్నా, ఇటు వచ్చి చూడుంగో" అన్నాది.

మా చొక్కాలు అక్కా. మా ఇనప చొక్కాలు, టోపీలు. మేం సచ్చిపోయిన ప్రతిసారీ పడిపోయిన ఒళ్ళు యాడికి పోయిందని మేం ఎప్పుడూ అనుకోలేదు. ఐదు లెక్కపెడతాం, లేస్తాం. అవన్నీ ఈడికి తెచ్చినాయి. చేతులు ఎదమీద పెట్టి, కాళ్ళు సరిచేసి. మనవాళ్ళూ వాళ్ళవాళ్ళూ అని తేడా లేకుండా ఒకే వరసలో. మేం గురి నేర్చుకునేదానికి కాల్చినామే, ఆ కూలోళ్ళే మమ్మల్ని మోసినారు.

మోహన తన చొక్కాకి పసుపు రంగు ఏసుకున్నాడు, టోపీకి ఎర్రగా బొట్టు. "మనం గంగమ్మ జట్టురా" అనేవాడు. ఆ పసుపు చొక్కాలు పదకొండు ఉండాయి. పోయిన సెప్టెంబరు వరకూ ఆడినవి. పదకొండూ నిమ్మళంగా పడుకోనుండాయి.

కూలోడు తన మోపు దించి, కాళ్ళు సరిచేసి, మళ్ళా బయటికి పోయినాడు.

అక్కా, నేను వదిలేసినా.

నువ్వూ, ఆఫీసోళ్ళూ, పేపరోళ్ళూ వేళ్ళు పోయేదాకా పట్టుకున్నాడు అన్నారు. అంతవరకు నిజమే. మోహన మణికట్టు పట్టుకున్నా. నా వేళ్ళు లోపలికి పోయినాయి. వేళ్ళు పోయినాక కూడా పట్టుకోవచ్చు. అరచెయ్యి ఉండాది, బొటనవేలు ఉండాది, చిటికెనవేలు ఉండాది. నేను చెయ్యి ఎనక్కి లాక్కున్నా. నొప్పికి లాక్కున్నా. అతను "వదులు" అన్నట్టు నాకు గుర్తు. నిజంగా అన్నాడో, నేనే తర్వాత కల్పించుకున్నానో తెలియడంలా. రోజూ వినపడతాది, రోజూ నమ్మబుద్ధి కాదు.

నువ్వు పోయి వదల్లేదని చెప్పినావు. ఆమె నా దిక్కుకి దణ్ణం పెట్టింది. ఇప్పుడు నేను ఏ మొగం పెట్టుకోని పోవాల, చెప్పు.

కుమార్

*

తిరుపతి,
ఏప్రిల్ 24

తమ్ముడికి,

నీ ఉత్తరం అమ్మవారి ముందు పెట్టి, తర్వాత తీసి మళ్ళీ చదివినాను.

ఏడు నెలలుగా నిన్ను వీరుడని చెప్పుకున్నదాన్ని నేను. నీకు ఆ వేషం కట్టింది నేనే. విప్పడానికి నీకు చోటు లేకుండా చేసినాను. నా తప్పు ఏమిటో ఇప్పుడు తెలిసింది. క్షమించు.

ఒక నిజం నేను కూడా రాస్తాను. అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. నా చంకలో పెరిగినావు. నువ్వు చెయ్యి వెనక్కి లాక్కున్నందుకు నేను గంగమ్మకు దణ్ణం పెట్టుకున్నాను. ఇది రేవతి ముందర అనగలిగిన మాట కాదు. నీ ముందర దాచుకోవలసిన మాటా కాదు.

పాకాలకు పో. నాకు రాసింది రాసినట్టు ఆమెకు చెప్పు. తిడితే నిలబడి విను. జాతరలో బండవేషం వాళ్ళు తిట్టే తిట్లకు ఎవరూ చెవులు మూసుకోరు గదా, అట్లా విను. ఇంట్లోకి రావద్దంటే వాకిట్లోనే చెప్పి వచ్చేయి.

ఆ చోటు గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివినాను. ఎవరో ఎక్కడో కూర్చుని ఆ ఆట చేసినారు. ఎవరూ పోరని తెలిసి కూడా ఆ వరసలన్నీ పేర్చి పెట్టినారు. వాళ్ళకు ఏ దేవుడు ఉన్నాడో, ఆ దేవుడికి నా దణ్ణం.

పెద్దక్క

*

పాకాల స్టేషను,
మే 4

అక్కకి,

బెంచీ మీద కూచోని రాస్తుండా. రైలు గంటన్నర లేటంట.

పోయినా. రేవతి వాకిలి చిమ్ముతా ఉండింది. సూడంగానే కనుక్కునింది, చీపురు పక్కన పెట్టి "రాన్నా" అన్నాది. లోపల కుప్పమ్మ మంచంమీంచి "ఎవురే?" అంటే "ఆయన స్నేహితుడత్తా, మునికుమార్" అన్నాది. కుర్చీ ఏసినారు. కూచోలేదు. కూచుంటే చెప్పలేనని నిలబడే చెప్పినా. "మా అక్క చెప్పింది తప్పమ్మా. ఆమెకి తెలీదు. నేను వదిలేసినా."

బయట ఎవరో ఐసు అమ్ముకుంటా పోయినారు. ఆ గంట సప్పుడు పోయేదాకా అట్లే ఉండినాం.

అప్పుడు రేవతి అడిగింది. "ఆయన ఏమన్నా అన్నాడా?"

నన్ను అడగాలని పెట్టుకున్న మాట అదేనంట. ఆస్పత్రిలో అడిగిందంట, ఆఫీసోళ్ళని అడిగిందంట. ఎవురికీ తెలీదు. ఆడ ఉన్నది నేనొక్కణ్ణే గదా.

"వదులు అన్నట్టుండాది. గట్టిగా చెప్పలేను. నేనే అనుకున్నానేమో" అన్నా.

"ఎట్లన్నాడు? అరిచినాడా?"

"లేదు. ఇసుక్కున్నట్టు. 'వదలరా నాయనా, నీతో ఇదే' అని."

రేవతి గోడకి ఆనుకునింది. కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, "వాడే" అన్నాది. "వాడే. నేను బిందె ఎత్తబోతే అంతే, ఈమె సంచి పట్టుకుంటే అంతే. ఇసుక్కోని లాక్కుంటాడు. ఎవుర్నీ దేన్నీ మొయ్యనీడు." మళ్ళా నన్ను సూసి, "నువ్వు కల్పించుకోనుంటే మంచిగా అన్నట్టు కల్పించుకోనుంటావు గదప్పా. ఇసుక్కున్నట్టు ఎందుకు కల్పించుకుంటావు" అన్నాది.



రేవతి మంచిమాట ఏమీ చెప్పలేదక్కా. పర్వాలేదు అనలేదు. నీ తప్పు లేదు అనలేదు. చెయ్యి సూపించమనింది. సూపించినా. "నొప్పి ఉందా?" అన్నాది. "వాన పడితే" అన్నా. అంతే.

కుప్పమ్మ, మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళు అని అడిగింది. ఆట గురించి చెప్పినా. చీమలు, డాలోళ్ళు, పెద్దదాన్ని సూసి ఇద్దరం కాల్చేది మర్చిపోయింది. అది వినేటప్పుడు కుప్పమ్మ నవ్వింది. తర్వాత కూలోళ్ళు, ఆ వరసలు, పసుపు చొక్కాలు పదకొండు చెప్పినా.

"చేతులు సరిచేసి పెట్టినారా?" అన్నాది రేవతి.

"పెట్టినారు."

"మాకు సూపించలేదన్నా. మూటకట్టి ఇచ్చినారు. విప్పొద్దన్నారు."

నాకు ఈ సంగతి తెలీదక్కా. నీకు తెలుసునా?

ఆ చోటు సూడాలంటుంది. వచ్చే ఆదివారం స్రవంతిని తన ఆట మిషను తీసుకోని పాకాలకి రమ్మని అడుగు. నువ్వు కూడా పో. నేను సత్యవేడులో నా గదిలోనుంచి ఆటలోకి వస్తా, ముందు నడిచి దారి సూపిస్తా. మోహన చోట్లో ఆ పూట స్రవంతిని రానిస్తాం. మావాళ్ళిద్దరికీ ఫోన్లో చెప్పినా, ఒప్పుకున్నారు. తుపాకులు వీపుకే ఉండాలని చెప్పు.

రైలొస్తా ఉంది.

కుమార్

*

తిరుపతి,
మే 12

తమ్ముడికి,

నువ్వు ఆటలో మా ముందర నడుస్తూనే ఉన్నావు, కానీ పాకాలలో మా గదిలో జరిగింది నీకు కనపడలేదు, స్రవంతి మైకు ఆపేసింది గనక వినపడనూ లేదు. అందుకని రాస్తున్నాను.

స్రవంతి తన మిషను రేవతి వాళ్ళ టీవీకి తగిలించింది. రేవతి నేలమీద కూర్చుంది. కుప్పమ్మను మంచం మీద దిండు పెట్టి కూర్చోబెట్టినాం. నేను గోడవార ఉన్నాను. నువ్వు కనపడగానే "అదిగో అన్న" అని స్రవంతి చూపించింది. ఇనపచొక్కా లోపల ఉన్నా నీ నడక నాకు తెలిసింది.

కూలివాడు ముందు, మీరు ముగ్గురు, వెనక స్రవంతి. చీమలు వచ్చినప్పుడు కుప్పమ్మ కాళ్ళు పైకి తీసుకున్నది. సముద్రం పక్కనుంచి పోయేటప్పుడు ఆ పెద్దది లేచింది. నువ్వు ఒక్క క్షణం ఆగినావు, గుర్తుందా. మేమందరం ఆగినాం. నీళ్ళు పడుతూ ఉన్నాయి, పగిలిన చందమామ దాని భుజం వెనక్కి పోయింది. అది మన వైపు తల తిప్పి చూసింది. చేతుల్లో ఏమీ లేనివాళ్ళు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. చూసి, మెల్లగా నీళ్ళలోకి దిగిపోయింది. స్రవంతి గుసగుసగా "పెద్దమ్మా, అది అట్లా పోవడం ఎవరూ చూడలేదు" అన్నది. నాకు గంగమ్మ గుడిలో తలుపు తెరిచేటప్పుడు కలిగే భయం కలిగింది.

లోపలికి పోయినాం. ఆ వెలుతురు వాళ్ళ గదిలో గోడలమీద కూడా పడింది. రేవతి మొహం మీద పడింది.

పసుపు చొక్కాల దగ్గర నువ్వు నిలబడినావు. రేవతి లేచి టీవీ దగ్గరికి పోయింది. వరసలో మొదటిదాని మీద, ఎదమీద పెట్టిన చేతుల దగ్గర, తన అరచెయ్యి ఆనించింది. కుప్పమ్మ "స్రవంతీ, కొంచెంసేపు దాన్ని కదిలించొద్దు తల్లీ" అన్నది. స్రవంతి కదిలించలేదు. కుప్పమ్మ మంచం దిగి వచ్చి, కొడుకు పేరు పెట్టి రెండు మాటలు అన్నది. అవి నీకు రాయను. ఇన్నాళ్ళకు ఆమె గట్టిగా ఏడ్చింది. రేవతి ఏడవలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.

మేము ఎందుకు కదలడం లేదో నీకు తెలియదు. అయినా నువ్వు కదలలేదు. నీ పక్కన ఆ ఇద్దరు పిల్లలు కూడా కదలలేదు. ఇరవై నిమిషాలపైన అట్లా నిలబడి ఉన్నారు.

ఆఖరికి రేవతి చెయ్యి తీసి, నీ బొమ్మ వైపు చూసి, స్రవంతితో అన్నది. "అన్న మొన్న వచ్చినప్పుడు కూడా నిలబడే ఉన్నాడు. కూచోమని చెప్పు."

ఆ ఆటలో కూర్చోవడానికి కుదరదని స్రవంతి చెప్పింది.

"అయితే ఇంటికొచ్చినప్పుడు కూచోమని చెప్పు" అన్నది రేవతి.

నీకు ఆ మాట చేర్చమన్నది. చేర్చినాను.

పెద్దక్క